టోకెన్ రింగ్: వైరు లాగక ముందే వేసుకోవాల్సిన లెక్క

1984లో ఐబీఎం తన ఖాతాదారుల ముందు ఓ విచిత్రమైన ప్రతిపాదన పెట్టింది. భవనమంతా ఫలానా రకం కేబుల్ లాగించుకోండి, దాని మీద నడవబోయే నెట్‌వర్క్ సంగతి తర్వాత చూద్దాం అన్నది దాని సారాంశం. ఆ నెట్‌వర్క్ టోకెన్ రింగ్ పేరుతో బయటికి వచ్చింది 1985 అక్టోబర్ 15న. ఐబీఎం మాట నమ్మి ముందే గోడల్లో వైరు పెట్టించుకున్న సంస్థలు, దానికి తగిలించే కార్డు కోసం ఏడాదికి పైగా కాచుకుని ఉండాల్సి వచ్చింది.

ముందు వైరు, తర్వాత యంత్రం. టోకెన్ రింగ్ స్వభావమంతా ఈ వరసలోనే ఉంది. ఈ నెట్‌వర్క్‌లో ఏదీ ‘తర్వాత సర్దుకుందాం’ అంటే కుదరదు. ఎంత దూరం, ఎన్ని యంత్రాలు, ఎంత రద్దీ అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు తేలాకే పని మొదలవ్వాలి. ఆ జవాబుల గురించి ఐబీఎం ప్రణాళికా పుస్తకాలు ఒక మాట చెప్పాయి, పరిశోధకులు మరో మాట చెప్పారు, పోటీ నెట్‌వర్క్ అయిన ఈథర్నెట్ పక్షం వారు ఇంకో మాట చెప్పారు. వాటిలో ఏది నిలిచింది, ఏది వీగిపోయింది అన్నది ఇప్పుడు తీరిగ్గా బేరీజు వేయవచ్చు.

వంతుల వారీ వ్యవహారం

వలయంగా కలిపిన కంప్యూటర్ల ఆలోచన ఐబీఎం సొంతం కాదు. 1970ల మొదట్లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో డేవిడ్ ఫార్బర్ బృందం వలయ నెట్‌వర్క్ నడిపింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి రింగ్ వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ సహచరులతో కలిసి వలయాన్ని నిర్వహించడంలోని చిక్కుల మీద పనిచేశారు. స్వీడన్ ఇంజనీరు ఓలోఫ్ సోడర్‌బ్లూమ్ టోకెన్ పద్ధతి మీద పేటెంటు సంపాదించి తయారీదారుల నుంచి రాయల్టీలు రాబట్టాడు. వీటన్నిటి తర్వాత, స్విట్జర్లండ్‌లోని జూరిక్ దగ్గరున్న ఐబీఎం పరిశోధనశాలలో నేటి అర్థంలో టోకెన్ రింగ్ రూపుదిద్దుకుంది. ఐఈఈఈ సంస్థ దానికి 802.5 ప్రమాణం పేరిట ముద్ర వేసింది.

పద్ధతి వినడానికి తేలిక. ఒంటి లైను మీద రెండు రైళ్ళు ఎదురుపడకుండా స్టేషన్ మాస్టరు డ్రైవరు చేతికి టోకెన్ అందించేవాడు. అది చేతిలో లేనిదే బండి కదలదు. ఇక్కడా అంతే. 3 బైట్ల చిన్న సంకేతం వలయంలో నిరంతరం తిరుగుతూ ఉంటుంది. పంపాల్సింది ఉన్న యంత్రం దాన్ని పట్టుకుని, తన ఫ్రేమును, అంటే పంపాల్సిన సమాచారపు మూటను, వదులుతుంది. ఆ ఫ్రేము చుట్టూ తిరిగి పంపినవాడి దగ్గరికే వస్తుంది. వాడే దాన్ని వలయంలోంచి తీసేసి, కొత్త టోకెన్ వదులుతాడు. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అడ్డుపడే అవకాశమే లేదు. ఎవరికైనా తొందర ఉంటే ముందే చోటు కేటాయించుకునేందుకు 8 ప్రాధాన్య స్థాయిలు కూడా టోకెన్‌లోనే ఇమిడి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఈథర్నెట్ దీనికి పూర్తి విరుద్ధం. అందరూ ఒకే కేబుల్‌కు వేలాడతారు. ఖాళీగా ఉందనిపిస్తే ఎవరైనా పంపవచ్చు. రెండు ఫ్రేములు ఢీకొంటే ఇద్దరూ ఆగి, కాసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తారు. వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. బ్యాంకు కౌంటర్లు నడిపే ఐబీఎం ఖాతాదారులకు ఈ అనిశ్చితే కంటగింపు.

నక్షత్రంలో దాగిన వలయం

వలయానికి ఒక పుట్టు లోపం ఉంది. ప్రతి యంత్రమూ వచ్చిన సంకేతాన్ని తీసుకుని, పదును పెట్టి, పక్కవాడికి అందించాలి. ఒక్కరు స్విచ్ ఆపేసినా గొలుసు తెగుతుంది. సాల్ట్‌జర్ బృందం దీనికి చూపిన మార్గం: వలయాన్ని నేల మీద వలయంలా పరచవద్దు, ప్రతి యంత్రం నుంచీ ఒక జత వైర్లు ఒకే గదికి తెచ్చి, అక్కడ వలయంగా కలపండి. చూపుకు నక్షత్రం, సంకేతానికి వలయం.

ఐబీఎం 8228 అనే పెట్టె ఈ ఆలోచనకే రూపం. ఎనిమిది యంత్రాలకు ఎనిమిది రంధ్రాలు, పక్క పెట్టెలతో కలపడానికి ఇరు చివర్లా చెరొకటి. ఈ పెట్టెకు కరెంటు ప్లగ్గే ఉండదు. లోపల ఉన్నవి రిలేలు. కంప్యూటర్‌లోని కార్డు ముందు తన కేబుల్‌ను తానే పరీక్షించుకుని, అదే వైర్ల మీదుగా చిన్న డీసీ వోల్టేజీ పంపుతుంది. పెట్టెలో రిలే ‘టిక్’మని పడి, ఆ కంప్యూటర్ వలయంలోకి చేరుతుంది. స్విచ్ ఆపితే వోల్టేజీ పోతుంది, రిలే వెనక్కి వస్తుంది, వలయం దానంతటదే మూసుకుంటుంది. రవాణాలో కుదుపులకు రిలేలు అటూ ఇటూ పడి ఉండవచ్చని పెట్టెతో పాటు ఒక చిన్న సాధనం వచ్చేది. బిగించే ముందు దాన్ని ఒక్కో రంధ్రంలో పెట్టి రిలేలను సరిచేయాలి. ఈ పని ఎగ్గొట్టిన చోట కొత్త పెట్టె మొదటి రోజే మొరాయించేది.

కనెక్టర్ కూడా ఆలోచించి చేసిందే. అరచేతిలో పట్టే నల్లటి దిమ్మ. ఆడ, మగ తేడా లేదు. ఒకదాన్ని తిరగేస్తే ఏ రెండైనా ఒకదాంతో ఒకటి కలుస్తాయి. ఊడదీస్తే లోపలి పట్టీలు పంపే జతనూ అందుకునే జతనూ ఒకదానికొకటి తాకిస్తాయి. కేబుల్ ఊడినా సంకేతం వచ్చిన దారిలోనే వెనక్కి మళ్ళుతుంది.

రకానికో అంకె

ఐబీఎం కేబుళ్ళకు పేర్లు పెట్టలేదు, అంకెలు ఇచ్చింది. మొదటి రకంలో 22 గేజీ రాగి తీగలు రెండు జతలు, ఒక్కో జతకూ రేకు తొడుగు, మొత్తానికి అల్లిక తొడుగు. ఇంపీడెన్సు 150 ఓమ్‌లు. మందం ఇంచుమించు సెంటీమీటరు. ఇది వలయపు రాజమార్గం. రెండో రకం అదే కేబుల్, పైన టెలిఫోను కోసం నాలుగు మామూలు జతలు అదనం. మూడో రకం ఒట్టి టెలిఫోను కేబులే. దీన్ని వాడితే కార్డు దగ్గర ఫిల్టరు తగిలించాలి. ఐదోది ఆప్టికల్ ఫైబర్. ఆరోది గదిలో అటూ ఇటూ కలిపే మెత్తటి ప్యాచ్ కేబుల్. ఎనిమిదోది తివాచీ కింద పరిచే పలకలాంటి కేబుల్. తొమ్మిదోది పైకప్పు గాలిమార్గాల్లో వేసే సన్నని రకం.

అంకె మారితే దూరం మారుతుంది. మొదటి రకం 100 మీటర్లు వెళ్ళే చోట తొమ్మిదో రకం మూడింట రెండు వంతులే వెళ్తుంది. తివాచీ కింది రకమైతే సగమే. ప్లాను గీసే మనిషి ప్రతి ముక్కనూ మొదటి రకం మీటర్లలోకి మార్చుకుని కూడాలి. రెండు భవనాల మధ్య ఫైబర్, లేదా మధ్యలో సంకేతానికి పదును పెట్టే రిపీటరు పెట్టుకుంటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

వేగం పెరిగినా దూరం తగ్గుతుంది. 1985లో వలయం వేగం సెకనుకు 4 మెగాబిట్లు. 1988లో ఐబీఎం 16 మెగాబిట్ల కార్డు తెచ్చింది. మొదటి రకం కేబుల్‌లో సంకేత నష్టం 4 మెగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 22 డెసిబెల్‌లు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అది 45. రెట్టింపు నష్టం అంటే దూరం సుమారు సగం. అదే భవనం, అదే వైరు, కార్డులు మాత్రమే మార్చితే చాలనుకున్నవారికి ఈ అంకె చేదు గుళిక. పైగా 16 మెగాబిట్ల కార్డు ఒక్కటి పొరపాటున 4 మెగాబిట్ల వలయంలోకి జొరబడితే మొత్తం వలయమే కూలబడుతుంది. అందుకే మార్పు విడతల వారీగా చేసే వీలు లేదు; ఒక వలయంలోని కార్డులన్నీ ఒక్క శనివారం రాత్రే మార్చుకోవాలి.

అతి పొట్టి కేబుల్ ఎందుకు తీసేస్తారు

దూరం లెక్కలో ఒక సూత్రం మొదటిసారి చూసినవారిని తికమక పెడుతుంది. వైరింగ్ గదుల మధ్య ఉన్న కేబుళ్ళన్నీ కూడి, అందులోంచి అతి పొట్టి కేబుల్ పొడవు తీసేయాలి. మిగిలేదే సవరించిన వలయం పొడవు. మూడు గదుల మధ్య 60, 80, 110 మీటర్ల కేబుళ్ళున్నాయనుకుందాం. మొత్తం 250, పొట్టిది 60 తీసేస్తే 190 మీటర్లు.

కారణం ఇది. గదుల మధ్య కేబుల్‌లో రెండు దారులున్నాయి: ముందుకు వెళ్ళేది ఒకటి, అవసరానికి వెనక్కి తెచ్చేది ఇంకొకటి. ఒక కేబుల్ తెగితే లేదా ఊడదీస్తే, దాని రెండు చివర్లా సంకేతం రెండో దారిలోకి మళ్ళి, మిగిలిన కేబుళ్ళ గుండా చుట్టి వస్తుంది. పొడవైన కేబుల్ తెగితే మిగిలిన దారి తక్కువ. అతి పొట్టిది తెగినప్పుడే మిగిలిన దారి అన్నిటికన్నా ఎక్కువ. ప్లాను ఆ చెడ్డ రోజుకు సరిపడాలి. ఆ 190కి అతి పొడవైన లోబ్, అంటే బల్ల నుంచి గదికి వచ్చే కేబుల్ పొడవు, కలిపి చూసుకోవాలి. 8228 పెట్టె ఒక్కోటీ కొన్ని మీటర్ల కేబుల్‌తో సమానమైన నష్టం తెస్తుంది. అందుకే ఐబీఎం పుస్తకంలోని పట్టికల్లో అడ్డంగా గదుల సంఖ్య, నిలువుగా పెట్టెల సంఖ్య ఉండేవి.

రాత్రిపూట సంగతి ఇంకా ఆసక్తికరం. పగలు వంద యంత్రాలు పనిచేస్తుంటే ప్రతి కొద్ది మీటర్లకూ ఒకరు సంకేతానికి పదును పెడుతూ ఉంటారు. రాత్రి అందరూ స్విచ్‌లు ఆపి ఇంటికి పోయాక, ఒక్క మనిషి కూర్చుని పనిచేస్తున్నాడనుకోండి. అతని కార్డు పంపిన సంకేతం తన లోబ్ దాటి, ఆగిపోయిన రిలేలన్నిటి గుండా, భవనం మొత్తం తిరిగి, ఎవరి సాయమూ లేకుండా మళ్ళీ అతని దగ్గరికే చేరాలి. పగలు చక్కగా నడిచిన వలయం రాత్రి ఒంటరి ఉద్యోగికి మొండికేసిందంటే అనుమానం ముందు కేబుల్ పొడవు మీదికే పోవాలి. రద్దీ వేళ పరీక్షించి ‘బాగుంది’ అని సంతకం పెట్టే కాంట్రాక్టరుకు ఈ లోపం కనిపించదు.

260, 72

మొదటి రకం కేబుల్ మీద ఒక వలయంలో 260 యంత్రాలు, టెలిఫోను కేబుల్ మీద 72. ఐబీఎం చెప్పిన ఈ రెండు అంకెలు ఆనాటి నెట్‌వర్క్ ఇంజనీర్లకు కంఠతా వచ్చేవి. 802.5 ప్రమాణం తన వంతుగా 250 అంది. ఎనిమిదేసి రంధ్రాల పెట్టెలు 33 పెడితే 264 చోట్లు వస్తాయి కాబట్టి 260 అన్నారని అనిపించవచ్చు. అసలు కారణం వేరు.

వలయంలో గడియారం ఒక్కరిదే. యాక్టివ్ మానిటర్ అనే బాధ్యత ఏదో ఒక యంత్రం తలకెత్తుకుంటుంది, కాలమానం దానిది. మిగిలినవన్నీ వచ్చే సంకేతంలోంచే లయ పట్టుకుంటాయి. ఈ పట్టుకోవడంలో ప్రతిచోటా వెంట్రుకవాసి తేడా వస్తుంది. వంద చోట్ల వంద తేడాలు పేరుకుంటాయి. ఈ తడబాటునే ఇంజనీర్లు జిట్టర్ అంటారు. యాక్టివ్ మానిటర్ దగ్గరున్న కొద్దిపాటి బఫరు దాన్ని సర్దుతుంది. హద్దు దాటితే బిట్లు జారిపోతాయి. తొడుగు లేని టెలిఫోను కేబుల్‌లో సంకేతం ఎక్కువ వక్రిస్తుంది కనుక హద్దు 72 దగ్గరే వచ్చేసింది. తర్వాత వచ్చిన యాక్టివ్ హబ్‌లు ప్రతి రంధ్రం దగ్గరా సంకేతాన్ని శుభ్రం చేసి ఈ హద్దును పైకి జరిపాయి. ఐబీఎం సొంత 8230 పెట్టెకు ఇరవై రంధ్రాల పలకలు నాలుగు తగిలిస్తే 80 యంత్రాలు.

రద్దీ లెక్క

వైరు మోయగలదా అన్నది ఒక ప్రశ్న. సమయానికి మోయగలదా అన్నది రెండోది. 1985లో 4 మెగాబిట్లు ఎవరికీ తక్కువనిపించలేదు, అందుకు కారణమూ ఉంది. మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ తెర మీద 24 వరసలు, వరసకు 80 అక్షరాలు. తెర నిండా 1,920 బైట్లు. 200 మంది గుమస్తాలు ఇరవై సెకన్లకోసారి ఒక తెర తెప్పించుకున్నా సెకనుకు ఒక లక్షా 53 వేల బిట్లే. వలయం సామర్థ్యంలో 4 శాతం కూడా కాదు.

ఫైల్ సర్వర్ వచ్చాక కథ మారింది. 5 లక్షల బైట్ల వర్డ్ ప్రాసెసరును సర్వర్ నుంచి తెరిస్తే 40 లక్షల బిట్లు. 4 మెగాబిట్ల వలయాన్ని ఒక్క మనిషి ఒక పూర్తి సెకను తన గుప్పిట్లో పెట్టుకున్నట్టే. 260 తెరల పని ఒక్క నొక్కుతో అయిపోయింది. మనుషుల సంఖ్య మారలేదు, వైరు మారలేదు; పని తీరు మారింది. తలలు లెక్కపెట్టి ప్లాను గీసినవారు ఇక్కడే బోల్తా పడ్డారు.

డిస్కు లేని కంప్యూటర్ల కార్యాలయం ఇంకా మంచి ఉదాహరణ. 60 మంది ఉదయం ఒకేసారి స్విచ్ వేస్తారు. ఒక్కొక్కరికీ 20 లక్షల బైట్లు సర్వర్ నుంచి దిగాలనుకుందాం. మొత్తం 96 కోట్ల బిట్లు. 4 మెగాబిట్ల వలయం ఒక్క బిట్టూ వృథా చేయకపోయినా 4 నిమిషాలు పడుతుంది. 16 మెగాబిట్లలో ఒక నిమిషం. రోజంతటి సగటు తీస్తే ఈ వలయం దాదాపు ఖాళీ. కానీ ఉద్యోగి వలయాన్ని తిట్టుకునేది ఆ మొదటి నిమిషాల్లోనే. సామర్థ్యం లెక్కకు సగటు పనికిరాదు, రద్దీ గంట కావాలన్నది ఇక్కడ కళ్ళకు కడుతుంది. పైగా ఆ వేళ రిలేలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి. ప్రతి ‘టిక్’కూ వలయం ఓ క్షణం తెగి అతుక్కుంటుంది, అప్పుడప్పుడు టోకెనే పోతుంది. యాక్టివ్ మానిటర్ వలయాన్ని కడిగి కొత్త టోకెన్ వదలాల్సి వస్తుంది.

టోకెన్ రింగ్ గొప్పతనం ఇదే రద్దీలో కనిపిస్తుంది. వంతు వచ్చినవాడు టోకెన్‌ను ఎంతసేపు పట్టుకోవచ్చన్నదానికి హద్దుంది, మామూలుగా 10 మిల్లీసెకన్లు. 4 మెగాబిట్ల వలయంలో 80 యంత్రాలూ ఒక్కోటి 4,000 బైట్ల ఫ్రేము పట్టుకుని కూర్చున్నాయనుకోండి. ఒక్క ఫ్రేముకు 8 మిల్లీసెకన్లు. ఎనభయ్యో వాడికి వంతు రావడానికి పట్టేది 0.63 సెకను, వలయం చుట్టు సమయం కొద్దిగా అదనం. బాగా లేదు గానీ, ఇంతకన్నా ఆలస్యం కాదని ముందే చెప్పవచ్చు. అప్పటి ఈథర్నెట్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేకపోయారు.

ఎవరి కొలత నిజం

జూరిక్ పరిశోధనశాలకు చెందిన వెర్నర్ బక్స్ 1981లో స్థానిక నెట్‌వర్క్ పద్ధతులను గణితపరంగా పోల్చిన వ్యాసం ప్రచురించాడు. రద్దీ తక్కువైతే ఢీకొనే పద్ధతి చకచకా నడుస్తుంది, టోకెన్ కోసం ఆగే పని ఉండదు. రద్దీ పెరిగే కొద్దీ, వేగం పెరిగే కొద్దీ, టోకెన్ వలయం నిలకడగా ఉంటుంది. ఈ ఫలితాన్ని వలయం పక్షం వారు ఏళ్ళ తరబడి వాడుకున్నారు. ఈథర్నెట్ మూడో వంతు నిండితే చాలు, కుప్పకూలుతుందన్న ప్రచారం కూడా బలపడింది.

దానికి గట్టి జవాబు 1988లో వచ్చింది. ఈథర్నెట్ సహ సృష్టికర్త డేవిడ్ బాగ్స్, జెఫ్రీ మొగుల్, క్రిస్టఫర్ కెంట్ అసలు కేబుల్ మీద అసలు యంత్రాలతో కొలిచి చూశారు. ప్యాకెట్లు పెద్దవైతే ఈథర్నెట్ తన 10 మెగాబిట్లలో అత్యధిక భాగం మోయగలదని, కూలిపోతుందన్నది అపోహేనని తేల్చారు. చిన్న ప్యాకెట్లు, పొడవైన కేబుల్, ఎక్కువ యంత్రాలు కలిసినప్పుడే అది దెబ్బతింటుంది.

రెండూ నిజాలే. తేడా అడిగిన ప్రశ్నలో ఉంది. మొత్తం ఎన్ని బిట్లు దాటాయి అని అడిగితే ఈథర్నెట్ మార్కులు తెచ్చుకుంటుంది. చివరి మనిషి ఎంతసేపు ఆగాలి అని అడిగితే వలయం తెచ్చుకుంటుంది. మామూలు కార్యాలయానికి మొదటి ప్రశ్నే చాలు. రెండో ప్రశ్న అవసరమైనవారు తక్కువ. దానికి ఖర్చు మాత్రం అందరూ పెట్టాల్సి వచ్చింది.

ఒక వలయమా, పది వలయాలా

260 పట్టే వలయంలో 260 పెట్టడం తెలివైన పని కాదని అనుభవం మీద తెలిసింది. అంతస్తుకో చిన్న వలయం, అన్నిటినీ కలిపే వెన్నెముక వలయం, మధ్యలో ఒక వలయం నుంచి ఇంకోదానికి ఫ్రేములు దాటించే బ్రిడ్జిలు అన్నది స్థిరపడిన నమూనా. అంతస్తుల్లో 4 మెగాబిట్లు, వెన్నెముకకు 16. ఎక్కువ మాటలు అంతస్తులోనే ఆగితే వెన్నెముక ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది అంత ముఖ్యం.

బ్రిడ్జిలు తెచ్చిన కొత్త చిక్కు వేరు. ఐబీఎం పద్ధతిలో దారి వెతికే భారం బ్రిడ్జిది కాదు, పంపే యంత్రానిది. గమ్యం ఎక్కడుందో తెలియకపోతే అది అన్వేషక ఫ్రేము వదులుతుంది. ప్రతి బ్రిడ్జీ దాని నకలు అవతలికి పంపుతుంది. ఏడు బ్రిడ్జిలు దాటే వరకు అనుమతి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని వలయాల మధ్య రెండేసి బ్రిడ్జిలు పెట్టారనుకోండి. మూడు మజిలీలు దాటేసరికి ఒక్క ఫ్రేము ఎనిమిదవుతుంది. భద్రత కోసం పెట్టిన రెండో బ్రిడ్జే ఉదయం రద్దీలో వెన్నెముకను నింపేస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ సెషన్లు సకాలంలో జవాబు రాకపోతే తెగిపోతాయి. తెగినవన్నీ మళ్ళీ దారి వెతుకుతాయి. రద్దీ ఇంకా పెరుగుతుంది. 16 మెగాబిట్ల వలయంలో ఇంచుమించు 18 వేల బైట్ల ఫ్రేము వెళ్తుంది, 4 మెగాబిట్లలో అది నాలుగున్నర వేలు దాటదు. ఇదీ మధ్యలో చూసుకోవాల్సిందే.

లోపం పట్టుకోవడంలో మాత్రం టోకెన్ రింగ్‌కు ఆ తరంలో సాటి లేదు. ప్రతి యంత్రానికీ తన ముందున్న పొరుగువాడి చిరునామా తెలుసు. సంకేతం ఆగిపోతే అది ‘బీకన్’ ఫ్రేములు వదులుతూ ఆ పొరుగువాడి పేరు చెబుతుంది. తప్పు ఆ ఇద్దరి మధ్యే ఉందని గుర్తు. ఇద్దరూ వలయం లోంచి తప్పుకుని తమను తాము పరీక్షించుకుంటారు. కోయాక్సియల్ ఈథర్నెట్‌లో ఒక వదులు కనెక్టర్ కోసం బల్లల కింద దూరి వెతికే రోజుల్లో ఇది పెద్ద వరం.

ధర ముందు తలవంచింది

ఐబీఎం చూపిన నక్షత్రాకార వైరింగ్‌ను ఈథర్నెట్ కూడా తీసుకుంది. 1990లో వచ్చిన 10 బేస్-టీ ప్రమాణం సన్నని టెలిఫోను తరహా జతల మీద, హబ్ దగ్గరికి వచ్చే నక్షత్రంగా ఈథర్నెట్‌ను నడిపింది. వదులు కనెక్టర్ బాధ పోయింది. అదే కాలంలో కల్పనా అనే కంపెనీ ఈథర్నెట్ స్విచ్ తెచ్చింది. స్విచ్ ఉన్న చోట ఒక్కో యంత్రానికీ ఒక్కో వైరు, ఢీకొనడాలు లేవు, వంతుల బెడదా లేదు. టోకెన్ పరిష్కరించిన సమస్యే మాయమైంది. 1995లో ఫాస్ట్ ఈథర్నెట్ 100 మెగాబిట్లతో వచ్చింది. అప్పటికి టోకెన్ రింగ్ కార్డు ధర ఈథర్నెట్ కార్డుకు ఎన్నో రెట్లు.

వలయం పక్షం ఊరుకోలేదు. బ్రిటన్‌లో మ్యాడ్జ్, డెన్మార్క్‌లో ఓలికామ్ వంటి కంపెనీలు టోకెన్ రింగ్ స్విచ్‌లు తెచ్చాయి. రెండు వైపులా ఏకకాలంలో నడిచే పద్ధతి వచ్చింది. అందులో టోకెనే లేదు. 100 మెగాబిట్ల టోకెన్ రింగ్ కోసం 1997లో కూటమి కట్టారు. మరుసటి ఏడే ఐబీఎం తప్పుకుంది. గిగాబిట్ టోకెన్ రింగ్ ప్రమాణం కూడా 2001లో కాగితం మీద ఆమోదం పొందింది, సరుకుగా మార్కెట్‌కు రాలేదు. 2012లో లినక్స్ కర్నెల్ 3.5 నుంచి టోకెన్ రింగ్ కోడును తీసేశారు.

మన దేశంలో ఈ వలయం పెద్దగా కనిపించకపోవడానికి కాలమే కొంత కారణం. ఐబీఎం 1978లో భారత్ విడిచి వెళ్ళి, 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. టోకెన్ రింగ్ పుట్టి పెరిగిన ఏళ్ళు సరిగ్గా ఆ ఖాళీలో పడ్డాయి. 2000 సంవత్సరపు తేదీ సమస్య పనుల కోసం అమెరికా వెళ్ళిన తెలుగు ప్రోగ్రామర్లలో చాలామంది చేరింది మెయిన్‌ఫ్రేములున్న బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో. టోకెన్ రింగ్ చివరిదాకా నిలిచింది అలాంటి చోట్లే.

మిగిలింది ఏమిటి

తీర్పు చెప్పాల్సి వస్తే రెండుగా చెప్పాలి. నెట్‌వర్క్‌గా టోకెన్ రింగ్ ఓడింది, ఓడాల్సిందే. కొద్దిమందికి కావలసిన హామీ కోసం అందరి చేతా ఖరీదు కట్టించింది; 4 నుంచి 16కు మారడానికే మూడేళ్ళు, 100కు మారడానికి పదేళ్ళు తీసుకుంది. వైరింగ్ పద్ధతిగా మాత్రం అది గెలిచింది. బల్ల నుంచి గదికి ఒక కేబుల్, గది నుంచి గదికి వెన్నెముక, ప్రతి కేబుల్‌కూ కొలిచిన పొడవు అన్న క్రమశిక్షణ 1991 నాటి అమెరికా భవన వైరింగ్ ప్రమాణం 568లో స్థిరపడింది. ఆ మొదటి ప్రతిలో 150 ఓమ్‌ల తొడుగు కేబుల్‌కూ చోటు దక్కింది. గోడలో 90 మీటర్లు, ప్యాచ్ కేబుళ్ళకు 10 మీటర్లు అన్న నియమం ఈ రోజు హైదరాబాదులో కట్టే ఆఫీసుకైనా, విజయవాడలో కట్టే కాలేజీకైనా వర్తిస్తుంది.

స్విచ్‌లు వచ్చాక సామర్థ్యం లెక్క అక్కర్లేదన్న భ్రమ కూడా పెరిగింది. వై-ఫై ఆ భ్రమను తీసేసింది. గాలి అందరిదీ, అందులో మళ్ళీ పంచుకోవడమే. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో యాక్సెస్ పాయింటే నిర్ణయించి వంతులు వేసే ఏర్పాటు వై-ఫై 6లో వచ్చింది. కొత్త భవనానికి నెట్‌వర్క్ వేయించేవారు కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు కాంట్రాక్టరును నాలుగు కాగితాలు అడగాలి: ప్రతి కేబుల్ పొడవు, ఒక్కో గదికి చేరే కేబుళ్ళ సంఖ్య, రద్దీ గంటలో ఒక్కో అంతస్తు నుంచి వచ్చే బిట్లు, ఒక వెన్నెముక కేబుల్ తెగితే మిగిలిన దారి ఎంత మోయాలన్నది. ఈ నాలుగూ ఇవ్వలేని కాంట్రాక్టరుకు పని అప్పగించకపోవడమే మంచిది.